వైరమే చెలిమియైన చోటు

అయస్కాంతమునకును అతివాహకమునకును పుట్టువైరము. 1911లో హాలెండు దేశపు లైడెన్ నగరమున కామర్లింగ్ ఆన్స్ పండితుడు పాదరసమును సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు చల్లార్చగా, అందలి విద్యున్నిరోధము మటుమాయమయ్యెను. ఇట్టి లోహపు తీగలతో మహాబలముగల అయస్కాంతములను నిర్మింపవచ్చునని ఆయన ఆశించెను. కాని కొన్నివందల గాస్‌ల అయస్కాంతక్షేత్రము సోకినంతనే ఆ గుణము నశించునని 1914లో తేలిపోయెను.

ఈ వైరమునకు కారణములు రెండు. 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డు అనువారు చూపినట్లు, అతివాహకము క్షేత్రమును వెలికి గెంటును. ఆ శ్రమ మితిమీరినచో తానే లొంగిపోవును. ఇక రెండవది. అతివాహకమున ఎలక్ట్రానులు జంటలు కట్టి సంచరించును. జంటలోని రెంటికిని ఆవేశ మొక్కటే. స్పిన్ అను ఆత్మభ్రమణములు మాత్రము ఎదురెదురు. కావున వాని అయస్కాంతపు మొనలును ఎదురెదురే. బలమైన క్షేత్రము రెంటిని ఒకే దెసకు త్రిప్పజూచును, జంట విడిపోవును.

మృతతారల కథ వేఱు. సూర్యుని మించిన ద్రవ్యము సుమారు ఇరువది కిలోమీటర్ల గోళమున ఇమిడిన న్యూట్రాను తారలు కలవు. భూమి క్షేత్రము అర గాస్ మాత్రమే కాగా, ఆ తారలలో కొన్నిటి పైతలమున కోటికోట్ల గాస్‌లకు పైబడిన క్షేత్ర మున్నది. వాని గర్భమున న్యూట్రానులు సైతము నలిగి, అందలి క్వార్కులు బయల్పడి జంటలు కట్టునని శాస్త్రజ్ఞుల యూహ.

క్వార్కులకు విద్యుదావేశముతోపాటు ‘వర్ణ’ మను మఱొక గుణము కలదు. పేరే కాని, అది కంటికి కనిపించు రంగు కాదు. మూడు వర్ణముల క్వార్కులు జతగూడినపుడు విద్యుత్క్షేత్రమును వర్ణక్షేత్రమును కలగలిసి ఒక నూతన క్షేత్ర మేర్పడును. దానిపట్ల ప్రతి జంటయు తటస్థము. అందుచే దానిని గెంటక లోనికి రానిచ్చును. అంతియే కాదు. కొన్ని జంటలలో ఒకటి ధనము, ఒకటి ఋణము. ఆవేశములును భ్రమణములును రెండును ఎదురెదురైనపుడు అయస్కాంతపు మొనలు ఒకే దెసకు తిరుగును. అప్పుడు క్షేత్రము జంటను విడదీయదు, బిగించును! ఈ గణితమును ఫెరర్, డి లా ఇన్సెరా, మాన్యుయెల్ అను మువ్వురు 2005లో ప్రకటించిరి.

ఈ జంటలను చూచినవా రెవ్వరును లేరు. పైతలమున కనిపించినదానికి వేలరెట్ల క్షేత్రము గర్భమున నున్నగాని ఈ బిగువు ప్రస్ఫుటము కాదు. తార చల్లారు తీరును, దాని బరువునకును వ్యాసమునకును గల పొత్తును కొలిచి సాక్ష్యము వెదకుచున్నారు. అది దొరకిననాడు, లైడెన్‌లో ఒక పండితుని యాశను భగ్న మొనర్చిన బలమే తారాగర్భమున కాపుగా నిలిచినదని తేలగలదు. ప్రకృతిలో వైరమనునది వస్తువుల స్వభావము కాదు. అవి కలిసికొన్న చోటి స్వభావము.