తంబళ్లపల్లె అని అచ్చేయడానికి పట్టిన కాలం

‘తంబళ్లపల్లె’ అని నోటితో పలికితే అయిదు అక్షరాలు. కంప్యూటరు మెమరీలో అదే పేరు పదకొండు సంకేతాలు: త, సున్నా, బ, ళ, పొల్లు, ల, ప, ల, పొల్లు, ల, ఎత్వం. వీటిని ఉన్న వరసలో పేర్చుకుంటూ పోతే పేరు రాదు. పొల్లు తర్వాతి ల ఒత్తుగా మారి కిందికి దిగాలి. అన్నిటికంటే చివర ఉన్న ఎత్వం వెనక్కి వచ్చి పైనున్న ల నెత్తిన కూర్చోవాలి. ఈ సర్దుబాటు తెలియని సాఫ్ట్‌వేర్ పొల్లులన్నీ బయటపెట్టి ‘తంబళ్‌లపల్‌లె’ అని చూపిస్తుంది.

పుస్తకాలు, పత్రికల పేజీలు కట్టడానికి పుట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్క్రైబస్. ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చూడవచ్చు, మార్చి పంచుకోవచ్చు. దాని 1.0 కూర్పు 2003లో వచ్చింది. మన ఊరి పేరును సరిగ్గా పేజీకెక్కించే శక్తి దానికి 2017లో వచ్చింది. ఆ పద్నాలుగేళ్లు ఎందుకు పట్టాయో, చివరికి ఆ పని ఎవరు చేశారో తెలియాలంటే దాని కుటుంబం కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

మారువేషంలో అక్షరాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం బజార్లలో డీటీపీ కొట్టు పని అందరికీ తెలిసిందే. పెండ్లిపత్రికలు, కరపత్రాలు, బిల్లుబుక్కులు, ఫ్లెక్సీలు, శివరాత్రికి మల్లయ్యకొండ తిరునాళ్ల పోస్టర్లు. రంగురంగుల కార్డు శివకాశి నుంచి ఖాళీగా వస్తుంది. పేర్లు, ముహూర్తం ఇక్కడ పడతాయి.

తెలుగు డీటీపీకి ఏళ్ల తరబడి ఆధారం పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌ను 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చింది. పేజీ ఎలా ఉండాలో ప్రింటరుకు చెప్పే పోస్ట్‌స్క్రిప్ట్ భాష, లేజర్ ప్రింటరు దానికి తోడై సీసపు అక్షరాల కేసుల ముందు నిలబడే కంపోజిటర్ల పనిని బల్ల మీదికి తెచ్చాయి. 1994లో ఆల్డస్ అడోబీలో కలిసింది. 2001లో వచ్చిన 7.0 కూర్పుతో పేజ్‌మేకర్ ఎదుగుదల ఆగింది. తయారీదారు వదిలేశాక కూడా మన కొట్లలో అది చాలాకాలం పనిచేసింది.

దానికి కారణం ఫాంట్లే. ప్రతి లిపి అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందు తయారైన ఆ ఫాంట్లు తెలుగు లిపిని ముక్కలు చేసి, తలకట్టులు, గుడులు, ఒత్తులను ఇంగ్లిషు అక్షరాల గదుల్లో పెట్టాయి. తెర మీద కనిపించేది తెలుగు. ఫైలులో దాచి ఉన్నది ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం. ఆ రోజుల్లో అంతకంటే మంచి దారి లేదు. అచ్చుకు అది చక్కగా సరిపోయింది కూడా. కానీ అదే ఫైలులో ‘పుంగనూరు’ అని వెతికితే దొరకదు. ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే చదవలేం. చూపులేనివారికి చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని అర్థం లేని శబ్దాలుగా పలుకుతుంది.

కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ ఐ-కమ్యూనిటీ పేరిట ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అందులో భాగంగా స్వయం సహాయక సంఘాల మహిళలు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సౌర పలకతో పల్లెల్లో తిరిగి ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చేసి ఇచ్చారు. గుర్తింపు కార్డు ఫొటోకు కెమెరా, ప్రింటరు ఉంటే చాలు, మధ్యలో డీటీపీ అక్కర్లేదు. బొమ్మ పక్కన తెలుగు రాత కూడా కావాలంటే మాత్రం బొమ్మ దిద్దేది, గీతలు గీసేది, పేజీ కట్టేది, లిపి తెలిసినది అన్నీ ఒకదానికొకటి అందాలి. అలా అందే స్వేచ్ఛా పనిముట్లు అప్పటికి ఇంకా సగంలోనే ఉన్నాయి.

బర్క్‌లీలో పుట్టుక

ఆ స్వేచ్ఛా పనిముట్లలో పెద్దది జింప్. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు కంపైలర్ల క్లాసులో ఇచ్చిన ప్రాజెక్టు విసుగెత్తి, దాన్ని పక్కన పడేసి బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టారు. 1996 జనవరిలో 0.54 కూర్పు బయటికొచ్చింది. కిటికీలు, మీటలు గీయడానికి అది మోటిఫ్ అనే సరుకు మీద ఆధారపడింది. మోటిఫ్ డబ్బు పెట్టి కొనాల్సిన సరుకు. అందుకని ఇద్దరూ తమ మీటలు తామే గీసుకునే జీటీకే తయారుచేశారు. బొమ్మల ప్రోగ్రామ్‌కు అవసరమై పుట్టిన ఆ జీటీకే మీదనే తర్వాత గ్నోమ్ డెస్క్‌టాప్ మొత్తం లేచింది.

చదువు ముగిసి ఆ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోయారు. కన్నవాళ్లు వెళ్లినా కోడ్ అందరి చేతుల్లో ఉంది కాబట్టి ఇతరులు పట్టుకున్నారు. 1998 జూన్‌లో 1.0, 2004 మార్చిలో 2.0 వచ్చాయి. జీటీకేతో పాటు పాంగో అనే అక్షరాల పేర్పరి ఎదిగింది. ఒత్తులు, గుణింతాలు ఎక్కడ కూర్చోవాలో దానికి తెలుసు. అందువల్ల జింప్ 2.0 నుంచి తెలుగు రాయగలిగింది.

సినిమావాళ్లు కూడా ఇందులో చెయ్యి పెట్టారు. జింప్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉండేవి. వెండితెరకు అవి చాలవు. ఆకాశం నీలం నుంచి తెలుపుకు మారే చోట చారలు పడతాయి. తర్వాతి కాలంలో హైదరాబాదులోనూ స్టూడియో పెట్టిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ ఇంజినీర్లు 2000లో జీఈజీఎల్ అనే కొత్త ఇంజను మొదలుపెట్టారు. అది జింప్‌లో పూర్తిగా ఇమడటానికి 2018లో 2.10 వచ్చేదాకా పట్టింది. జీతాలిచ్చి తొందరపెట్టే యజమాని లేని చోట పని ఇలాగే నడుస్తుంది. నెమ్మదిగా సాగుతుంది, కానీ వదిలేసిన చోటు నుంచి మరొకరు ఎత్తుకోగలరు.

తోబుట్టువులు

ఫొటో చుక్కలతో తయారవుతుంది. లోగో, ముగ్గు, అలంకార అక్షరం గీతలతో తయారవుతాయి. చుక్కల బొమ్మను పెంచితే అంచులు పగులుతాయి. గీతల బొమ్మ విజిటింగ్ కార్డు మీదా ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీదా ఒకేలా ఉంటుంది. ఆ గీతల పని ఇంక్‌స్కేప్‌ది. 2003 నవంబరులో కొందరు ప్రోగ్రామర్లు సోడిపోడి అనే పాత ప్రోగ్రామ్ నుంచి చీలి దీన్ని మొదలుపెట్టారు. 1.0 అనిపించుకోవడానికి 2020 దాకా ఆగారు. పాంగో వల్ల దీనికీ తెలుగు వచ్చు.

రంగుల లెక్క మరొకరు చూశారు. మార్తీ మరియా అనే స్పెయిన్ ప్రోగ్రామర్ 1998లో మొదలుపెట్టిన లిటిల్ సీఎంఎస్ అనే చిన్న కోడ్, తెర రంగును సిరా రంగుగా ఎలా మార్చాలో చెబుతుంది. జింప్, ఇంక్‌స్కేప్‌లలోనూ, స్క్రైబస్‌లోనూ అదే పనిచేస్తోంది.

పేజీ కట్టే స్క్రైబస్‌ను మొదలుపెట్టింది ఫ్రాంజ్ ష్మిడ్. ముద్రణాలయానికి పనికొచ్చే పీడీఎఫ్ ఇవ్వడంలో అది మొదటినుంచీ దిట్ట. కానీ అప్పట్లో అక్షరాల్ని ఎడమ నుంచి కుడికి ఒకదాని పక్కన ఒకటి పెట్టడమే దానికి తెలిసేది. తెలుగు పుస్తకం చేయాలంటే శీర్షికల్ని ఇంక్‌స్కేప్‌లో రాసి గీతలుగా మార్చి తెచ్చుకోవాల్సి వచ్చేది. రెండువందల పేజీలను అలా తేలేం కదా.

ఆ ముడి విప్పింది ఒమన్ దేశస్థులు. అరబ్బీ అక్షరాలు పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటాయి, కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. వాళ్ల లిపి కూడా స్క్రైబస్‌లో ముక్కలయ్యేది. అక్కడి ఓపెన్ సోర్స్ బృందం ఒకటి స్క్రైబస్ అక్షరాల పేర్పును తవ్వి, హార్ఫ్‌బజ్ అనే పేర్పు ఇంజనును అందులో దింపింది. హార్ఫ్‌బజ్‌కు అరబ్బీ ఎంత తెలుసో తెలుగూ అంతే తెలుసు. 2017లో వచ్చిన 1.5.3 కూర్పుతో వాళ్లకు అరబ్బీ దక్కింది, మనకు తంబళ్లపల్లె దక్కింది. అది పరీక్షల దశలోని కూర్పు. అందరూ నమ్మి వాడదగిన 1.6 2024 జనవరిలో వచ్చింది. డబ్బున్న కంపెనీలూ ఈ విషయంలో మరీ ముందేమీ లేవు. అడోబీ ఇన్‌డిజైన్ 1999లో పుట్టినా, భారతీయ లిపులకు అందులో సరైన చోటు దొరికింది 2012 నాటి సీఎస్6లోనే.

ఇక మిగిలింది ఫాంట్లు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన తొలితరం యూనికోడ్ ఫాంట్లు. 2010 దశకంలో సిలికానాంధ్ర విడుదల చేసిన వరసలో మండలి, సూరన్న, రామభద్ర, పెద్దన, తిమ్మన, గిడుగు, గురజాడ ఉన్నాయి. శ్రీకాళహస్తి కవి పేరిట ధూర్జటి కూడా ఉంది. స్వేచ్ఛా లైసెన్సు ఉన్నందున వీటిని అచ్చు పనికి వాడినా ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు.

ఒక పోస్టరు ప్రయాణం

తిరునాళ్ల పోస్టరు ఒకటి చేస్తున్నాం అనుకుందాం. ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. మామూలుగా పంపితే అది ఫొటోను కుదించి పొడవు వైపు 1600 చుక్కలకు తెస్తుంది. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఆ ఫొటో అయిదుంబావు అంగుళాల వెడల్పుకే సరిపోతుంది. పదిహేను అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 107 చుక్కలే మిగులుతాయి, ముఖాలు మసకబారుతాయి. జింప్‌లో సైజు పెంచితే చుక్కలు పెరుగుతాయి కానీ కెమెరా చూడని వివరం పుట్టదు. అదే ఫొటో పదడుగుల ఫ్లెక్సీ మీద అంగుళానికి 13 చుక్కలకు పడిపోయినా రోడ్డు మీద పోయేవాడి కంటికి చెల్లిపోతుంది. ఎంత దూరం నుంచి చూస్తారన్నదే లెక్క. అందుకే ఫొటోను డాక్యుమెంటుగా పంపమని అడగడం మొదటి పని.

తర్వాత రంగు. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో వెలుగుతుంది. కాగితం మీద సియాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు కాంతిని మింగుతాయి. పోస్టరు కింద మదనపల్లె టమాటా మండీ ప్రకటన ఉందనుకోండి. టమాటా ఎరుపంటే మెజెంటా, పసుపు రెండూ నిండుగా పడటం. సియాన్ ఎరుపు కాంతిని మింగే సిరా. రంగు మార్పిడిలో అది కాస్త ఎక్కువ చేరిందా, కాయ ముగ్గిపోయినట్టు కనిపిస్తుంది. జింప్‌లో ప్రెస్సువాళ్ల రంగు ప్రొఫైలు పెట్టి అచ్చు రంగును తెర మీదే చూపే సాఫ్ట్ ప్రూఫ్ చూస్తే ఈ సంగతి ప్లేటు తీయకముందే తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది నల్ల అక్షరాలకు. జింప్‌లో రాసిన నలుపు తెర నలుపు. దాన్ని సిరాలకు మారిస్తే అమెరికా ఆఫ్‌సెట్ ప్రొఫైలులో దాదాపు సియాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 శాతంగా విడిపోతుంది. ఒక్క నలుపు ప్లేటుతో పోయే అక్షరానికి నాలుగు ప్లేట్లు. యంత్రం మీద ఒక్క ప్లేటు వెంట్రుకవాసి జరిగినా ఒత్తుల చుట్టూ రంగు అంచు తేలుతుంది, ళ్ల కింది ల ఒత్తు పూడుకుపోతుంది. కాబట్టి ఫొటో జింప్‌లో, లోగో ఇంక్‌స్కేప్‌లో చేసుకుని రాతంతా స్క్రైబస్‌లోనే, నూటికి నూరు నలుపుతో పెట్టాలి. ఇంక్‌స్కేప్ ఇచ్చే పీడీఎఫ్ తెర రంగుల్లో ఉంటుంది కాబట్టి దాని బొమ్మలనూ ఎస్‌వీజీ రూపంలో స్క్రైబస్‌కు తెచ్చి అక్కడ సిరా రంగులు ఇవ్వడం మేలు.

చివరగా కత్తిరింపు. ఏ4 కాగితం 210, 297 మిల్లీమీటర్లు. అంచుదాకా రంగు ఉంటే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అంచు, వదిలి 216, 303కు పని చేయాలి. లేకపోతే కట్టింగులో తెల్లగీత మిగులుతుంది. పీడీఎఫ్ తీసేముందు స్క్రైబస్‌లోని ప్రీఫ్లైట్ పరీక్ష చుక్కలు తక్కువైన బొమ్మనూ, పెట్టెలో పట్టక పొంగిన రాతనూ పట్టి చూపిస్తుంది.

ఎవరికి లాభం

కొట్టువాళ్లంతా రేపే పాత పద్ధతి వదిలెయ్యాలని చెప్పడం తేలిక. పెండ్లిపత్రిక ముహూర్తం దాటితే చెల్లని కాగితం. చెయ్యి అలవాటైన సాధనంతో గంటలో అయ్యేదాన్ని మార్చాల్సిన పనిలేదు. కీబోర్డు అలవాటు మారాలి, పాత ఫైళ్లను కన్వర్టరుతో యూనికోడ్ చేసి ప్రూఫు మళ్లీ చదవాలి. జింప్ 2025 మార్చిలో 3.0కి చేరి సిరా రంగుల ఫైళ్లు ఇవ్వగలుగుతున్నా, లోపల పని ఇంకా తెర రంగుల్లోనే.

లాభం ఉన్నది మళ్లీ మళ్లీ అచ్చయ్యే వాటిలో. కురబలకోట మండలంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఒకే గదిలో పలు తరగతులు చదివే బడుల కోసం తయారుచేసిన బొమ్మల కార్డులు ఇతర రాష్ట్రాల భాషల్లోకీ వెళ్లాయి. అలాంటి బడి సరుకు, ఊరి చరిత్రలు, డెమ్మీ 1/8 సైజు కవితా సంపుటాలు, గుడి స్థలపురాణాలు ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా పదేళ్లకు తెరుచుకోవాలి, దిద్దుబాటుకు లొంగాలి, వెతికితే దొరకాలి. యూనికోడ్‌లో కట్టిన పేజీలో రాత సిరా అయ్యేదాకా తెలుగుగానే ఉంటుంది. ఆదా అయ్యే డబ్బు కంటే ఇదే పెద్ద లాభం.

ఈ కథలో ప్రతి మెట్టూ అవసరం పడ్డవాళ్లు కట్టుకున్నదే. క్లాసు విసుగెత్తిన విద్యార్థులు జింప్‌ను, అరబ్బీ కావాల్సిన ఒమన్‌వాళ్లు స్క్రైబస్ పేర్పును. తెలుగు కోసం ఇంకా చేయాల్సినవి ఉన్నాయి: పుస్తకం పొడవునా చదవడానికి హాయిగా ఉండే మరిన్ని ఫాంట్లు, వరస చివర మాటను సరైన చోట విరిచే పద్ధతి, ఫలానా ఫాంటులో ఫలానా ఒత్తు తప్పు పడుతోందని తయారీదారులకు చెప్పేవాళ్లు. ఆ చివరిదానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. రోజూ ప్రూఫు చదివే డీటీపీ ఆపరేటరుకు మించిన అర్హత ఎవరికీ లేదు.