బ్రేకు ఆపేది చక్రాన్నే!

బ్రేకు తొక్కితే కారు ఆగుతుందనుకుంటాం. బ్రేకు పట్టుకునేది చక్రాన్ని మాత్రమే. కారును ఆపేది రోడ్డును అంటిపెట్టుకున్న టైరు. ఒక్కో టైరు రోడ్డుకు ఆనేది దాదాపు అరచేయంత మేర!

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120 కి.మీ. అంటే సెకనుకు 33 మీటర్లు. అడ్డేదో కంటబడి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి మామూలుగా ఒక సెకనైనా పడుతుంది. ఆ 33 మీటర్లూ బ్రేకు లేని ప్రయాణమే. ఆపైన పొడి రోడ్డు, మంచి టైర్లు ఉన్నా మరో 80 మీటర్ల దాకా కావాలి. ఫోను చూస్తూ నడిపేవారి లెక్క వేరే చెప్పాలా?

వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక కారు సాగే దూరం నాలుగింతలవుతుంది. ఇందులో ఓ తమాషా ఉంది. ఒకేలాంటి రెండు కార్లు, ఒకటి 80లో, ఇంకోటి 100లో వెళ్తూ సరిగ్గా ఒకే చోట బ్రేకు పట్టాయి. 80 కారు ఎదుటి లారీకి తాకీతాకకుండా ఆగింది. మరి 100 కారు? 20 వేగంతో గుద్దుతుందని చాలామంది అంచనా. కాదు, 60తో గుద్దుతుంది! 100 వర్గంలోంచి 80 వర్గం తీసేస్తే మిగిలేది 60 వర్గం మరి.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. చక్రాలు బిగుసుకుపోకుండా చూసి, బ్రేకు తొక్కుతూనే స్టీరింగ్ తిప్పనివ్వడం దాని అసలు పని. కంకర మీద ఏబీఎస్ కారు ఇంకాస్త దూరం పోయి ఆగొచ్చు కూడా. సడన్ బ్రేకు వేసినప్పుడు పెడల్ గడగడలాడితే కంగారుపడి కాలు తీయకండి. ఏబీఎస్ పనిచేస్తోందన్నమాట.

కోతల కాలంలో మన ఊళ్ల రోడ్లు సగం కల్లాలే. ఆరబోసిన వడ్ల మీద టైరుకు పట్టు చిక్కదు. రైతుకు వేరే చోటు లేదు, మనమే నెమ్మదిగా పోదాం. తొలకరి జల్లుకు దుమ్మూ ఆయిలూ కలిసి రోడ్డు జారుతుంది, అప్పుడూ అంతే.

తిరుమల, శ్రీశైలం ఘాట్‌లు దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచితే బ్రేకులు కాగి పట్టు సడలుతుంది. చిన్న గేరులో దిగితే ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఆయిల్ వేడికి తొందరగా మరిగి, పెడల్ మెత్తగా దిగిపోతుంది.

టైరు గాడుల్లో అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి. గాడి అరిగి వాటితో సమానమైతే మిగిలింది 1.6 మి.మీ. లోతే, టైరు మార్చాల్సిందే. వానలు మొదలవకముందే ఓసారి వంగి చూసుకోండి.