సెల్లు కూర్చునే చోటు

వేపింగ్ పరికరం, అంటే ఈ-సిగరెట్టు, మొరాయిస్తే వాడేవాళ్లు మొదట ఆవిరి పుట్టించే కాయిల్‌ను అనుమానిస్తారు, తర్వాత సెల్లును. సెల్లు పెట్టే అర వైపు చూసేవాళ్లు తక్కువ. ప్లాస్టిక్ కరిగి, స్ప్రింగు కుంగి, రేకు నల్లబడ్డాక గానీ అదొక ఖాళీ పెట్టె కాదని, కరెంటు నడిచే దారిలో అదీ ఒక భాగమేనని తెలియదు.

పొగాకు లేని, పొగ రాని సిగరెట్టు కోసం అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లోనే పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1965లో పేటెంటు వచ్చింది, సరుకు మాత్రం జనంలోకి రాలేదు. అప్పటికి లిథియం అయాన్ సెల్లు ఇంకా రాలేదు. లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌తో మంచి వోల్టేజి వస్తుందని 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం చూపింది. 1985లో జపాన్‌లో అకిరా యోషినో దాన్ని పనికొచ్చే బ్యాటరీగా మలిచారు. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాతే, 2003లో, చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ ఎలక్ట్రానిక్ సిగరెట్టుకు రూపమిచ్చారు. ఆవిరి సరిపోవడం లేదని కొందరు ఔత్సాహికులు టార్చిలైటు గొట్టాల్లో పెద్ద సెల్లు పెట్టి సొంతంగా పరికరాలు కట్టుకున్నారు. అలా అప్పటి లాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే 18650 లిథియం సెల్లు చేతి పరికరంలోకి దిగింది. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, నిండుగా చార్జి అయితే 4.2 వోల్టులు.

చిక్కు మొదలైంది ఇక్కడే. టీవీ రిమోట్‌లో స్ప్రింగు గుండా పారేది మిల్లీఆంపియర్లు. వేపింగ్ పరికరంలో 0.2 ఓమ్‌ల కాయిల్‌కు 4 వోల్టులు ఇస్తే పారేది 20 ఆంపియర్లు. స్ప్రింగు కొన మీద తుప్పో మసో పట్టి అక్కడ 0.05 ఓమ్‌ల నిరోధం చేరిందనుకోండి. 20 ఆంపియర్ల దగ్గర ఆ ఒక్క చోటే 20 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపులో టంకం వేసే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది! ఆ వేడికి స్ప్రింగు బిగువు పోతుంది. బిగువు పోతే ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. చివరికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. 18650 సెల్లుకు మైనస్ అంటే అడుగు మాత్రమే కాదు, పక్కల ఉన్న లోహపు డబ్బా మొత్తం మైనసే. ప్లస్ బొత్తాం అంచు దాకా అది పాకి ఉంటుంది. ఆ రెంటినీ వేరుచేసేవి పల్చని ప్లాస్టిక్ తొడుగు, ప్లస్ కొన దగ్గర దాని కింద ఒక చిన్న ఇన్సులేటర్ రింగు. అరలో వంగిన రేకు ఆ తొడుగును చీల్చిందంటే షార్టు సర్క్యూటే. లోపలి వేడి అదుపు తప్పితే రసాయన చర్య తనంతట తానే వేగం పుంజుకుంటుంది, వాయువులు బయటికి తన్నుకొస్తాయి. అర గోడకు పెట్టిన చిన్న రంధ్రాలు వాటి కోసమే. జిగురుతోనో ఎపాక్సీతోనో ఆ రంధ్రాలు మూసేసే మరమ్మతు కంటే అసలు చెయ్యకపోవడం మేలు. అమెరికా అగ్నిమాపక పరిపాలన సంస్థ 2009 నుంచి 2016 చివరి దాకా మీడియాలో వచ్చిన ఈ-సిగరెట్ మంటలు, పేలుళ్లను లెక్కిస్తే 195 తేలాయి.

మరి బాగుచేయదగ్గది ఏది? పైపైన మసి పట్టిన రేకును సెల్లు తీసేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవచ్చు. కుంగిన స్ప్రింగును, కరెంటు సామర్థ్యం సరిపోయే కొత్తదానితో మార్చవచ్చు. తొడుగు చిన్నగా చిరిగితే కొత్త తొడుగు వేయవచ్చు, డబ్బా సొట్టపడితే మాత్రం ఆ సెల్లుకు సెలవే. మామూలు ఆల్కలైన్ సెల్లు కారితే వచ్చే తెల్లటి పొడిని వెనిగర్‌తో శుభ్రం చేస్తారు. అదే చిట్కా లిథియం సెల్లుకు పనికిరాదు. అందులోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను పుట్టిస్తుంది. అది చర్మంలోకి ఇంకి లోపల కాల్చే విషం. లిథియం సెల్లు కారిన అరను, ప్లాస్టిక్ కరిగిన అరను బాగుచేయాలని చూడకండి. పరికరాన్ని పక్కన పెట్టేయండి.

మన దేశంలో 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకాలను నిషేధించింది. కానీ 18650 సెల్లు మన ఇళ్లలోనే ఉంది, చార్జింగ్ టార్చిలో, పవర్ బ్యాంకులో. రాత్రిపూట పొలంలో మోటారు వేయడానికి రైతు తలకు కట్టుకునే లైటులో ఉన్నదీ చాలాసార్లు అదే. విడి 18650 సెల్లులు కొనవద్దని, వాడవద్దని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 2021 జనవరిలో హెచ్చరించింది. మీ టార్చి మూత తీసి ఒకసారి చూడండి. తొడుగు చిరిగి ఉన్నా, స్ప్రింగు చుట్టూ ప్లాస్టిక్ రంగు మారినా, ఈ రాత్రి దాన్ని చార్జింగ్‌కు పెట్టకండి.