ఏనుగు మల్లమ్మ కొండ

వేసవి విడిది అనగానే మనకు ఊటీ, కొడైకెనాల్, సిమ్లా గుర్తుకు వస్తాయి. అంత దూరం పోకుండానే రాయలసీమ ఎండలనుంచి తప్పించుకోవటానికి మనకు ఒక కొండ ఉన్నది. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ కొండను ఇప్పుడు అందరూ హార్సిలీ హిల్స్ అంటారు. కాని దాని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ.

పూర్వం మల్లమ్మ అనే పసిపిల్లను ఈ కొండమీద ఏనుగులు సాకాయట. ఆ పిల్ల కొండమీది వాళ్ళ జబ్బులు నయం చేస్తూ ఉండేదట. ఒకనాడు ఆమె ఎవరికీ కనబడకుండా పోయింది. అప్పటినుంచి జనం ఆమెను దేవతగా కొలుస్తున్నారని ఇక్కడివాళ్ళు చెప్పుకునే కథ.

1860-70 మధ్య కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు. డి. హార్సిలీ అనే దొర ఎండలకు తాళలేక ఈ కొండమీద బంగళా కట్టుకున్నాడు. దానితో కొండకు అతని పేరు వచ్చింది. చిత్తూరు సీమలోని కొండతో కడప కలెక్టరుకు పనేమిటని మీరు అడగవచ్చు. ఆ రోజుల్లో మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022లో మళ్ళీ దానినుంచి విడిపోయింది. జిల్లాలు ఎన్ని మారినా కొండ మాత్రం ఉన్నచోటనే ఉన్నది!

ఇంతకూ కొండమీద చల్లగా ఎందుకు ఉంటుంది? పైకి పోతే సూర్యుడికి దగ్గరవుతాం కదా, ఇంకా వేడెక్కాలి కదా? సూర్యుడు ఉన్న దూరంతో పోలిస్తే మన కొండ ఎత్తు ఒక లెక్కలోది కాదు. ఎండ మొదట నేలను వేడి చేస్తుంది. ఆ నేల తనను ఆనుకున్న గాలిని వేడి చేస్తుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ గనక అది వ్యాకోచించి చల్లబడుతుంది. మొత్తంమీద వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుందని లెక్క. తిరుపతి ఊరు సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ కొండ కొన సుమారు 1,260 మీటర్లు, అంటే నాలుగువేల అడుగులకు పైమాటే. రెంటికీ తేడా 1,100 మీటర్లు. కనక తిరుపతిలో 40 డిగ్రీల ఎండ కాస్తున్న రోజున కొండమీద 33 డిగ్రీలు ఉంటుందని మీరు ఇంట్లో కూచుని చెప్పవచ్చు. అలిపిరినుంచి తిరుమల నడిచి ఎక్కిన పిల్లలకు ఈ సంగతి ఒంటికే తెలిసి ఉంటుంది.

వేసవిలో వచ్చేవాళ్ళకు మొదట కనబడేవి చెట్లు. నీలగిరి చెట్లు ఆకాశాన్ని అంటినట్లు ఉంటాయి. వీటిలో ఒక మహావృక్షానికి “కల్యాణి” అని ముద్దుపేరు కూడా పెట్టారు. ఒక నీలగిరి ఆకు తుంచి నలిపి వాసన చూడండి. జలుబు చేసినప్పుడు అమ్మ చేతిగుడ్డమీద వేసే తైలం గుర్తుకు వస్తుంది. ఈ చెట్ల పుట్టినిల్లు మన దేశం కాదు, ఆస్ట్రేలియా. ఊదారంగు పూలు పూసే జకరాండా దక్షిణ అమెరికాది. ఎర్రగా పూసే తురాయి మడగాస్కరుది. శ్రీగంధం చెట్లు మాత్రం మన నేలవే.

కొండ అంచున గాలిబండ అని ఒక పెద్ద బండ ఉన్నది. అక్కడ నిలబడితే కింద పొలాలూ చెరువులూ ఎవరో గీసిపెట్టిన పటంలాగా కనబడతాయి. మదనపల్లె టమాటాలకు పేరుపడిన ఊరు గదా, ఆ తోటలు కొన్ని అందులోవే. మైదానంమీద హాయిగా వీచే గాలి కొండ అడ్డం రాగానే పక్కకు పోలేక పైకి ఎగబాకుతుంది. అంచు దాటేచోట ఇరుకు గనక దాని వేగం హెచ్చుతుంది. గాలి మీ ముఖానికి ఎదురుగా కొడుతున్నప్పుడు ఒక ఎండుటాకును లోయలోకి విసరండి. అది కిందికి పడటానికి బదులు పైకి లేచి మీ వెనక్కే రావచ్చు. అయితే ఈ ఆట పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని, కటకటాలకు ఇవతల నిలబడి ఆడవలసినది. వానాకాలంలో అసలే వద్దు. తడిసిన బండ సబ్బు రాసినట్లు జారుతుంది.

వానాకాలంలో మరొక వింత ఉన్నది. కిందినుంచి చూసేవాళ్ళకు కొండ నెత్తిన మేఘం కూచున్నట్లు ఉంటుంది. పైన ఉన్నవాళ్ళకు అంతా తెల్లటి పొగ. పదిగజాల అవతల చెట్టు కనబడదు, జుట్టునిండా సన్నటి నీటిబొట్లు. మేఘంలో నడవాలంటే విమానం ఎక్కనక్కరలేదన్నమాట. వానలు వెనకబట్టేసరికి కొండకింది ఊళ్ళల్లో సీతాఫలాలు గంపలకెత్తుతారు.

నన్నడిగితే కొండకు అన్నిటికన్న మంచికాలం పుష్యమాసం. తెల్లవారకముందే లేచి, కంబళి కప్పుకుని గాలిబండ దగ్గిరికి పోవాలి. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్ళు పల్లానికి పోయినట్లు లోయలోకి జారిపోతుంది. అక్కడే మంచు కమ్ముతుంది. అందుచేత పొద్దు పొడిచేవేళ కింద పాలసముద్రమూ, దానిలో లంకల్లాగా చిన్న కొండల శిఖరాలూ కనబడతాయి. అటువంటి తెల్లవారుఝామున లోయ అడుగున కొండవాలుకన్న ఎక్కువ చలి ఉండవచ్చు. పైకి పోయినకొద్దీ చల్లన అని ఇందాక చెప్పిన లెక్క తాత్కాలికంగా తలకిందులవుతుంది! ఎండ ఎక్కగానే ఆ సముద్రం విరిగిపోయి తునకలు తునకలుగా పైకి లేస్తుంది.

చెట్లూ మంచూ చూసి అందరూ తిరిగి పోతారు. చెట్లు లేని రాతిగుట్టలవంక ఎవరూ చూడరు. “ఏమున్నది, బండలూ ముళ్ళపొదలూ!” అంటారు. కాని ఈ కొండకు నిజమైన సొంతదారు అక్కడే ఉన్నది. అది పసుపుమెడ పికిలిపిట్ట. మామూలు పికిలిపిట్ట మీకు తెలుసు. తలమీద నల్లని జుట్టు, తోకకింద ఎర్రని మచ్చతో మన దొడ్లోనే తిరుగుతుంది. దీని చుట్టం అలాకాదు. బూడిదరంగు ఒళ్ళు, పసుపు పూసినట్లు మెడ. మనిషి అలికిడి కాగానే బండల సందున మాయమవుతుంది. లోకం మొత్తంమీద దక్షిణ భారతంలోని రాతికొండల్లో తప్ప ఈ పిట్ట మరెక్కడా లేదు. అదీ అన్ని కొండలమీదా కాదు. అంతరించే ప్రమాదమున్న పక్షుల జాబితాలో దీని పేరు చేరింది. దీనికి నీలగిరి తోపు పనికిరాదు. బండలూ, వాటి మధ్య పండ్లు కాసే పొదలే కావాలి. బండలను కంకరకోసం పగలగొట్టినచోట దానికి ఇల్లు పోతుంది.

మాఘం దాటగానే కొండమీది బోదగడ్డి నిలువునా ఎండుతుంది. చల్లారిందనుకుని వదిలిన పొయ్యిగాని, ఆర్పకుండా పారేసిన బీడీముక్కగాని చాలు, నిప్పు గాలితో కలిసి వాలు పొడుగునా పాకుతుంది. నిప్పు వాలు దిగటంకన్న ఎక్కటమే త్వరగా ఎక్కుతుంది. మంట పై గడ్డిని ముందుగానే కాచి ఎండబెడుతుంది గనక. మనం పరిగెత్తి పోగలం. పిట్ట కూడా ఎగిరిపోగలదు. కాని పొదలు కాలిన గుట్టమీదికి అది తిరిగివచ్చి ఏం తింటుంది?

కొండకు దగ్గిరలోనే రిషివ్యాలీ లోయ ఉన్నది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన పాఠశాల అక్కడిదే. ఈ లోయను 1991లో పక్షుల సంరక్షణ స్థలంగా ప్రకటించారు. పసుపుమెడ పికిలిని చూడాలని వచ్చేవాళ్ళు ఈ లోయనూ కొండనూ రెంటినీ వెతుకుతారు. మీరూ ప్రయత్నించవచ్చు. ఉదయం ఎండ ముదరకముందు ఒక గుట్టకు ఎదురుగా నీడలో కూచుని, అరగంటసేపు మాట్లాడకుండా ఉండాలి. ఇదే కష్టమైన పని.

దిగి వచ్చేముందు ఒక చిన్న పరీక్ష. కొండమీద మీరు తాగేసిన పలచని ప్లాస్టిక్ నీళ్ళసీసాకు మూత గట్టిగా బిగించి సంచిలో పెట్టుకోండి. కోతుల కంట మాత్రం పడనివ్వకండి. ఘాటురోడ్డు మలుపుల్లో మీ చెవులు గడియపడినట్లయి, గుటక వేస్తే తెరుచుకుంటాయి. కిందికి దిగి మదనపల్లె చేరాక సీసా తీసి చూడండి. దాని పక్కలు లోపలికి నొక్కుకుని ఉంటాయి. లోపల ఉన్నది కొండమీది పలచటి గాలి, బయట ఉన్నది మైదానపు దట్టమైన గాలి. తిరుపతిదాకా తీసుకుపోతే సొట్ట ఇంకా పెద్దదవుతుంది.