చంటిబిడ్డకు చేను పంటే బలం



ఉప్పునుంతల చెలకల్లో పండిన పల్లికాయ మొత్తం మార్కెట్‌కు తోలకండి. ఇంటికి కొంత ఉంచుకోండి. చంటిబిడ్డకు పనికొస్తుంది.

ఆరు నెలల దాకా తల్లిపాలు చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఏడో నెల పడ్డాక పాలొక్కటే సరిపోవు. పప్పుకట్టు, గంజి తాపితే కడుపు నిండినట్టుంటుంది గాని ఒళ్లు పట్టదు. చెంచా వంచినా జారిపోనంత చిక్కగా పెట్టాలి. పాలు మాత్రం రెండేళ్లు మానొద్దు.

బక్కచిక్కిన పిల్లల కోసం హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 'హైదరాబాద్ మిక్స్' తయారు చేసింది. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10 విడివిడిగా వేయించి పిండి పట్టాలి. బెల్లం 20 గ్రాములు కలిపి జావలా ఉడికించాలి. ఇందులో 330 కేలరీల శక్తి, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి. పిల్లలు బొద్దుగా ఉంటే బెల్లం వద్దు. బూజు పట్టిన పల్లీలు విషం, ఏరి పారేయండి.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం బిడ్డ వాటా. ఇంటిల్లిపాదీ పంచుకోవద్దు.

పత్తి ఏరే రోజుల్లో తల్లి చేనుకు పోతే, ఇంటి దగ్గరున్న నానమ్మో అమ్మమ్మో వేళకు తినిపించాలి. తొమ్మిదో నెల నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. పాడిబర్రెకు దాణా వేళ తప్పనియ్యం. మరి బిడ్డకెందుకు తప్పాలి?