కర్త లేని వాక్యం

ఎడిటర్ గారు అప్పగించిన పని పెద్దది. దూరదేశాల రాజకీయాల్లో అగ్రరాజ్యాలు ఎలా వేలు పెడతాయి, నచ్చని ప్రభుత్వాలను ఎలా కూలుస్తాయి అన్నది ముఖచిత్ర కథనంగా రాయాలి. గురువారం సాయంత్రానికి పేజీలు ప్రెస్‌కు వెళ్లాలి. ఇరాన్ 1953, గ్వాటెమాలా 1954, చిలీ 1973 అంటూ వరస పేర్చుకున్నాను. మంగళవారం రాత్రి ఒక టెలిగ్రామ్ చదివాక ఆ వరసంతా పక్కన పెట్టేశాను.

తేదీ 1960 ఆగస్టు 26. పంపింది సీఐఏ డైరెక్టర్ అలెన్ డల్లెస్. అందుకున్నది కాంగో రాజధాని లియోపోల్డ్‌విల్‌లో (ఇప్పటి కిన్షాసా) సీఐఏ అధిపతిగా ఉన్న లారీ డెవ్లిన్. విషయం పాట్రిస్ లుముంబా. వయసు 35. స్వాతంత్ర్యం వచ్చి రెండు నెలలైనా నిండని దేశానికి ప్రజలు ఎన్నుకున్న తొలి ప్రధాని.

టెలిగ్రామ్ సారాంశం ఇది. ఈయన పదవిలో ఉంటే ఎంత లేదన్నా అరాచకం తప్పదు, ఇంకా చెడితే కాంగో కమ్యూనిస్టుల చేతికి పోతుంది అని ఇక్కడి 'ఉన్నత వర్గాల్లో' స్పష్టమైన అభిప్రాయం ఉంది. అందువల్ల ఆయన 'తొలగింపు' అత్యవసర లక్ష్యం కావాలి. ప్రధాన కార్యాలయాన్ని అడిగే వ్యవధి లేని పనులకు లక్ష డాలర్ల దాకా ఖర్చు పెట్టుకోవచ్చు.

తెలుగులో రాసుకుంటూ 'తొలగింపు' దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇంగ్లిషులో ఉన్న మాట రిమూవల్. తొలగింపు అంటే మనకు ఉద్యోగంలోంచి తీసేయడం, ఓటర్ల జాబితాలో పేరు కొట్టేయడం, రోడ్డు పక్క ఆక్రమణలు పీకేయడం. ఆ మాటకు నెత్తురు అంటదు. 'ఉన్నత వర్గాలు' అన్నచోట ఒక మనిషి ముఖం కనిపించదు. చిన్నప్పుడు వ్యాకరణం పాఠంలో కర్త, కర్మ, క్రియ గుర్తించమనేవారు. ఈ వాక్యాన్ని అలా విడదీసి చూశాను. చేయమన్న కర్త లేడు. చేయాల్సిన క్రియ పేరు మార్చుకుంది. కర్మ ఒక్కడే మిగిలాడు.

కర్త కోసం వెనక్కి వెళ్తే ఆగస్టు 18 దగ్గర తేలతాం. ఆ రోజు అధ్యక్షుడు ఐజన్‌హోవర్ జాతీయ భద్రతా మండలి సమావేశంలో ఉన్నారు. నోట్స్ రాసుకున్న రాబర్ట్ జాన్సన్ అనే అధికారి 1975లో సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. లుముంబాను హతమార్చమన్న ఆజ్ఞలా తోచిన మాటేదో అధ్యక్షుడి నోట ఆ రోజు విన్నానని, విని దిగ్భ్రాంతి చెందానని అన్నాడు. అధికారిక నమోదులో ఆ మాట లేదు. అక్కడున్న మిగతావారికి గుర్తు లేదు. ఐజన్‌హోవర్ అప్పటికి ఆరేళ్ల కిందటే కన్నుమూశారు.

సెప్టెంబర్ చివర్లో సిడ్నీ గాట్లీబ్ అనే సీఐఏ రసాయన శాస్త్రవేత్త లియోపోల్డ్‌విల్‌లో దిగాడు. వెంట విషం, రబ్బరు చేతితొడుగులు, సిరంజి. అన్నంలోనో, టూత్‌బ్రష్ మీదో, నోట్లోకి వెళ్లే దేనిమీదైనా సరే వేయించాలని పథకం. ఇది ఎవరి ఆజ్ఞ అని తాను అడిగానని, అధ్యక్షుడిదని జవాబు వచ్చిందని డెవ్లిన్ తరువాత సాక్ష్యమిచ్చాడు. కమిటీ నివేదికలో డెవ్లిన్ కూడా సొంత పేరుతో లేడు, విక్టర్ హెడ్జ్‌మన్ అన్న మారుపేరుతో ఉన్నాడు. విషం వాడే వీలు చిక్కలేదు. దాన్ని కాంగో నదిలో పారేశారు.

పూర్వకథ త్వరగా చెప్పేస్తాను. 1885లో బెల్జియం రాజు లియోపోల్డ్ కాంగోను సొంత ఆస్తి చేసుకున్నాడు. రబ్బరు కోసం ఊళ్లకు ఊళ్లను నెత్తురోడించాక 1908లో అది బెల్జియం ప్రభుత్వానికి వలస అయింది. 1960 జూన్ 30న స్వాతంత్ర్యం. వారం తిరగకముందే సైన్యంలో తిరుగుబాటు. జూలై 11న ఖనిజాల గని లాంటి కటంగా రాష్ట్రం, బెల్జియం అండతో, షోంబే నాయకత్వాన విడిపోయామంది. ఐరాస దళాలు వచ్చినా కటంగాను కదపకపోవడంతో లుముంబా సోవియట్ విమానాలు తెప్పించుకున్నాడు. సోవియట్లు పుణ్యం కోసం వచ్చారని నేను అనుకోను. సెప్టెంబర్ 5న కాంగో అధ్యక్షుడు కసావుబు లుముంబాను బర్తరఫ్ చేశాడు. 14న సైన్యాధికారి మొబుటు అధికారం చేజిక్కించుకున్నాడు. ఆ మొబుటుకు సీఐఏ డబ్బు అందిందని అమెరికా విదేశాంగ శాఖే 2013లో ప్రచురించిన పత్రాల్లో ఉంది.

స్వాతంత్ర్యం రోజు సంగతి మాత్రం తొందరగా దాటలేను. బెల్జియం రాజు బోడువాఁ లియోపోల్డ్‌ను మెచ్చుకుంటూ మాట్లాడాడు. కార్యక్రమంలో పేరు లేకపోయినా లుముంబా లేచి తన జనం పడ్డ అవమానాలు చెప్పాడు. అందులో ఒకటి: నల్లవాడిని నువ్వు అనేవారు, చనువుతో కాదు, మీరు అన్నది తెల్లవాళ్లకే దక్కే మర్యాద కాబట్టి. తెలుగువాడికి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎవరిని నువ్వు అంటాం, ఎవరిని మీరు అంటాం, ఎవరి పేరు చివర 'గారు' రాలిపోతుంది అన్నదాంట్లోనే మన ఊళ్ల చరిత్ర సగం ఉంది. రాజు ఎదురుగా నిలబడి ఆ మాట అన్న మనిషిని నేను తటస్థంగా చూడలేను.

వాషింగ్టన్‌దే కాదు, బ్రసెల్స్‌దీ ఒక టెలిగ్రామ్ ఉంది. అక్టోబర్ 6న బెల్జియం ఆఫ్రికా వ్యవహారాల మంత్రి డాస్‌ప్రెమాంట్ లిండెన్ పంపాడు. లుముంబాను శాశ్వతంగా నిర్మూలించడమే ప్రధాన లక్ష్యమని దాని భావం. అది రాజకీయ నిర్మూలన మాత్రమేనని తరువాత వాదించినవారున్నారు. అలా వాదించుకునే వీలున్న మాటనే ఎంచుకోవడం నాకు యాదృచ్ఛికంగా తోచదు.

గృహనిర్బంధంలో ఉన్న లుముంబా నవంబర్ 27న తప్పించుకున్నాడు. కొన్ని రోజుల్లోనే దొరికిపోయాడు. 1961 జనవరి 17న ఆయన్నూ, సహచరులు ఎంపోలో, ఒకిటోలనూ విమానంలో కట్టిపడేసి, కొట్టుకుంటూ కటంగాకు, అంటే ఆయన బద్ధశత్రువుల చేతికే చేర్చారు. ఆ రాత్రే ముగ్గురినీ కాల్చేశారు. తుపాకులు కటంగా సైనికులవి. బెల్జియం అధికారులు దగ్గరే ఉన్నారు. అమెరికా కొత్త అధ్యక్షుడు కెనడీ ప్రమాణస్వీకారానికి అప్పటికి మూడు రోజులు. జెరార్డ్ సూటె అనే బెల్జియన్ పోలీసు అధికారి తరువాత ఆ శవాలను పాతిన చోటినుంచి తీయించి, ముక్కలు చేసి, ఆమ్లంలో కరిగించాడు. ఒక పన్ను దాచుకున్నాడు.

లూడో డె విట్ 1999లో రాసిన పుస్తకం తరువాత బెల్జియం పార్లమెంటు విచారణ జరిపింది. 2001లో కమిషన్ తేల్చిందేమిటంటే, మరణానికి దారితీసిన పరిస్థితులకు కొందరు బెల్జియం మంత్రులు, మరికొందరు 'నైతిక బాధ్యులు'. చావుకు కాదు, దారితీసిన పరిస్థితులకు. 2002లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2011లో లుముంబా పిల్లలు బ్రసెల్స్‌లో ఫిర్యాదు చేశారు. అందులో పది మంది బెల్జియన్ల పేర్లు రాశారు. యాభై ఏళ్ల తరువాత ఆ వాక్యంలో కర్త స్థానం నింపింది వాళ్లు.

ఆ పన్నును 2016లో సూటె కుమార్తె దగ్గర స్వాధీనం చేసుకున్నారు. 2022 జూన్ 20న బ్రసెల్స్‌లో కుటుంబానికి అప్పగించారు. దాన్ని నిలువెత్తు శవపేటికలో ఉంచి కాంగో అంతా తిప్పి, జూన్ 30న కిన్షాసాలో సమాధి చేశారు.

యురేనియం

కటంగాలోని షింకొలొబ్వె గని యురేనియం హిరోషిమా బాంబుకు వాడారు. ఆ గనీ, రాగి గనులూ యూనియన్ మినియేర్ అనే బెల్జియం కంపెనీవి. విడిపోయిన కటంగా ఖజానాకు పన్ను కట్టింది ఆ కంపెనీయే.

మనవాళ్లు

1960 సెప్టెంబర్ నుంచి కాంగోలో ఐరాస ప్రతినిధి భారత దౌత్యవేత్త రాజేశ్వర్ దయాళ్. మొబుటు పాలనకు చట్టబద్ధత లేదన్నందుకు పాశ్చాత్య దేశాల ఆగ్రహం చవిచూసి, 1961 మేలో తప్పుకున్నారు. అదే ఏడు డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్ విమానాశ్రయం దగ్గర కటంగా సైనికుల అడ్డుకట్టపై కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా పదహారు మందితో దాడి చేసి ప్రాణాలర్పించారు. వయసు 26. ఐరాస శాంతిదళంలో పనిచేస్తూ పరమవీర చక్ర పొందిన ఏకైక సైనికుడు ఆయన. సలారియా ఎదిరించిన కటంగా వేర్పాటు 1963 జనవరిలో ముగిసింది. ఎలిజబెత్‌విల్ పేరు ఇప్పుడు లుబుంబాషి.