‘మేమొచ్చి గంటన్నరైంది.. మా వాళ్లను ఎప్పుడు చూస్తారు?’ ఎమర్జెన్సీ వార్డులో ఆ వెయిటింగ్ వెనక అసలు కథ ఇదే!

ఛాతీలో నొప్పి అంటూ ఓ వ్యక్తి ఆస్పత్రికి వస్తాడు. ఈసీజీ తీస్తారు. రక్తం తీసుకుంటారు. బయట కూర్చోమంటారు. గంటలు గడుస్తాయి. తన తర్వాత వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్తుంటారు. అడిగితే ‘ఇంకాసేపు’ అంటారు. చివరికి విసిగిపోయి వెళ్లిపోతూ, బయట ఒంటరిగా నిలబడ్డ సీనియర్ నర్సు కనిపిస్తే ముఖం మీద ఒక్క గుద్దు గుద్దుతాడు. ఆమె కింద పడిపోతుంది. ఎపిసోడ్ అక్కడితో అయిపోతుంది.

ఇది అమెరికన్ మెడికల్ సిరీస్ ‘ద పిట్’ మొదటి సీజన్‌లో తొమ్మిదో ఎపిసోడ్. 2025 ఫిబ్రవరి 27న వచ్చింది. పిట్స్‌బర్గ్‌లోని ఓ ఆస్పత్రి ఎమర్జెన్సీ విభాగంలో ఒకే ఒక్క షిఫ్ట్.. ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కో గంట చొప్పున మొత్తం 15 ఎపిసోడ్లు. హీరో నోవా వైల్ మన దగ్గర కూడా ఇంగ్లిష్ సీరియల్స్ చూసేవాళ్లకు కొత్తేం కాదు. 1994లో మొదలై 2009 వరకు నడిచిన ‘ఈఆర్’లో కుర్ర డాక్టర్ కార్టర్ ఆయనే. గుద్దు తిన్న నర్సు డానా పాత్ర చేసిన క్యాథరిన్ లానాసాకు 2025 సెప్టెంబర్‌లో ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది.

ఆ సీన్ చూసిన నర్సులు, డాక్టర్లు పెద్దగా ఆశ్చర్యపోలేదు. ‘ఇది మాకు రోజూ ఉండేదే, మొదటిసారి టీవీలో చూపించారు’ అన్నది వాళ్ల మాట. మామూలు ప్రేక్షకుల్లో మాత్రం ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. కొట్టడం తప్పే.. కానీ గుండె నొప్పి అని వచ్చినవాణ్ణి అన్ని గంటలు కుర్చీలో కూర్చోబెడతారా?

ఈ ప్రశ్నకు పిట్స్‌బర్గ్ దాకా వెళ్లక్కర్లేదు. మార్కాపురంలోనో, గిద్దలూరులోనో, కంభంలోనో రాత్రి పది దాటాక ఏ ఆస్పత్రి ముందు నిలబడినా వినిపిస్తుంది. ‘ఏందమ్మా సిస్టర్.. మేమొచ్చి గంటన్నరైంది, వాళ్లు ఇప్పుడొచ్చినోళ్లు, వాళ్లనెట్టా ముందు తీసుకుంటారు?’ ఆ వెంటనే పక్కనుంచి ఇంకొకరు.. ‘అంతా ఠాగూర్ సినిమా లెక్కనే ఉంది’. 2003లో వచ్చిన చిరంజీవి సినిమాలో చనిపోయిన మనిషికి ట్రీట్‌మెంట్ చేస్తున్నట్టు నటించి బిల్లు వేసే సీన్ ఉంది కదా.. ఇరవై ఏళ్లు దాటినా తెలుగువాళ్లకు ఆస్పత్రి మీద డౌట్ వస్తే మొదట గుర్తొచ్చేది అదే. ఆ అనుమానానికి కారణాలు లేవని చెప్పలేం. కానీ ఎమర్జెన్సీలో వెయిటింగ్ మాత్రం చాలాసార్లు నిర్లక్ష్యం కాదు, వైద్యంలో ఒక భాగం.

ఓపీ లైన్ వేరు.. ఎమర్జెన్సీ వేరు

ఓపీలో చీటీ నంబర్ ప్రకారం పిలుస్తారు. ముందొచ్చినవాళ్లు ముందు. ఎమర్జెన్సీలో ఆ రూల్ పనిచేయదు. అక్కడ ఎవరు ముందు వచ్చారన్నది కాదు, ఎవరు ముందు చనిపోయే ప్రమాదం ఉందన్నదే లెక్క. దీన్నే ‘ట్రయాజ్’ అంటారు. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన లారే అనే సర్జన్ యుద్ధభూమిలో ఈ పద్ధతి పెట్టాడని చెబుతారు. ఆఫీసరా, సిపాయా అని చూడకుండా గాయం తీవ్రతను బట్టి వైద్యం.

ఇప్పుడు దానికి రంగులున్నాయి. శ్వాస ఆడకపోవడం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం, ఆగకుండా రక్తం పోవడం.. ఇవి రెడ్. సీరియస్సే కానీ కొంతసేపు ఆగగలిగితే యెల్లో. చిన్న గాయాలు, మామూలు జ్వరాలు గ్రీన్. అంటే చెయ్యి విరిగి నొప్పితో అరుస్తున్న కుర్రాడు యెల్లో కావచ్చు. పక్కన చప్పుడు లేకుండా కూర్చున్న ముసలాయన రెడ్ కావచ్చు. బయటివాళ్లకు ఇది తిరకాసుగా కనిపిస్తుంది. అరిచేవాళ్లకు కనీసం శ్వాస బాగా ఆడుతున్నట్టు.. డాక్టర్లు భయపడేది ఎక్కువగా మాట్లాడలేనివాళ్లను చూసే.

పశ్చిమ ప్రకాశంలో దీనికి దగ్గరి ఉదాహరణ డయాలసిస్ పేషెంట్లు. నీళ్లలో ఫ్లోరైడ్, కిడ్నీ జబ్బుల కష్టం ఈ ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకటి రెండు డయాలసిస్‌లు తప్పిన మనిషి ‘కాస్త నీరసంగా ఉంది సార్’ అంటూ నడుచుకుంటూనే రావచ్చు. ఒంట్లో పొటాషియం పెరిగిపోతే మాత్రం ఏ క్షణమైనా గుండె ఆగిపోవచ్చు. అందుకే పలకల క్వారీలో వేలు నలిగి రక్తం కారుతున్న కూలీ కంటే ముందు ఆయన్ను మంచమెక్కించి ఈసీజీ తీస్తారు. వేలు నలిగినవాళ్ల బంధువులకు అది అన్యాయంగానే అనిపిస్తుంది.

రెండో రక్త పరీక్ష కోసం ఎందుకు ఆగాలి?

మళ్లీ ఆ సిరీస్‌లోని ఛాతీ నొప్పి మనిషి దగ్గరికి వద్దాం. అతన్ని పట్టించుకోలేదు అన్నది నిజం కాదు. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకు పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది వైద్యుల గైడ్‌లైన్. అందులో పెద్ద గుండెపోటు కనిపిస్తే ఎవరూ బయట కూర్చోబెట్టరు. కనిపించకపోతేనే చిక్కు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి ట్రోపోనిన్ అనే పదార్థం వస్తుంది. కానీ నొప్పి మొదలైన నిమిషంలోనే రాదు, పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. మొదటి టెస్ట్ నార్మల్ వచ్చినంత మాత్రాన ‘గ్యాస్ ట్రబుల్, ఇంటికెళ్లు’ అనడానికి లేదు. కొంతసేపాగి మళ్లీ రక్తం తీసి, అది పెరిగిందా లేదా చూడాలి. ఆ మధ్యలో ఉన్న గంటలే మనకు ‘ఊరికే కూర్చోబెట్టారు’ అనిపించే గంటలు. వాటి మధ్యలో లేచి వెళ్లిపోవడం అన్నిటికంటే డేంజర్.

ఈసీజీలో పెద్ద గుండెపోటు దొరికితే మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఒక దారి ఉంది. 2023లో మొదలైన ‘స్టెమీ’ కార్యక్రమం కింద చిన్న ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే ఈసీజీ తీసి, దాన్ని పెద్దాస్పత్రిలోని గుండె డాక్టర్‌కు పంపి, ఆయన చెప్పగానే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు. బయట దాని ఖరీదు సుమారు 40 వేల రూపాయలు. ముందు ఇంజెక్షన్, ఆ తర్వాతే పెద్దాస్పత్రి ప్రయాణం. ‘ఇక్కడ టైమ్ వేస్ట్, డైరెక్ట్‌గా ఒంగోలు పోదాం’ అని కారెక్కించేస్తే ఆ అవకాశం దారిలోనే పోతుంది.

పాము కాటు.. గాజు ట్యూబ్.. 20 నిమిషాలు

నల్లమల అంచు ఊళ్లలో ఇది బాగా పనికొచ్చే విషయం. రక్తపింజరి కరిచిందన్న అనుమానంతో ఎవరినైనా తెస్తే చాలాచోట్ల డాక్టర్ కాస్త రక్తం తీసి శుభ్రమైన గాజు ట్యూబ్‌లో పోసి కదపకుండా పక్కన పెడతారు. సరిగ్గా 20 నిమిషాలు. బంధువులకు కాలూ చెయ్యీ ఆడదు. ‘మనిషి పోతా ఉంటే ఆ గాజు బుడ్డిని చూస్తా కూర్చున్నారేంది?’ అని గొడవ మొదలవుతుంది. నిజానికి ఆ సమయంలో జరుగుతున్నదే అసలు పరీక్ష. 20 నిమిషాల తర్వాత ట్యూబ్ వంచి చూస్తారు. రక్తం గడ్డ కట్టకుండా నీళ్లలా జారితే విషం రక్తంలోకి ఎక్కినట్టు. వెంటనే యాంటీ స్నేక్ వీనం మొదలుపెడతారు. గడ్డ కడితే ఇంకాసేపు ఆగి మళ్లీ చేస్తారు. విషం ఎక్కిన లక్షణాలు అప్పటికే స్పష్టంగా ఉంటే మాత్రం ఈ టెస్ట్ కోసం ఆగరు.

మరి రాగానే అందరికీ ఆ మందు ఇచ్చేయొచ్చు కదా? ఇవ్వకూడదు. కరిచిన ప్రతి పామూ విషం ఎక్కించదు. ఆ మందుకు కొందరిలో తీవ్రమైన రియాక్షన్ వస్తుంది, బీపీ పడిపోవచ్చు. అందుకే పక్కన అడ్రినలిన్ రెడీగా పెట్టుకునే మొదలుపెడతారు.

కట్లపాము సంగతి పూర్తిగా రివర్స్. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. వాపు ఉండదు, నొప్పి కూడా పెద్దగా తెలియదు. తెల్లవారుజామున కడుపు నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం.. ఇలా బయటపడుతుంది. ఆ తర్వాత శ్వాస కండరాలు పనిచేయడం మానేస్తాయి. ఒంటి మీద కాటు కనిపించని ఈ పేషెంట్‌ను, కాలు ఇంత లావు వాచినవాడి కంటే ముందు లోపలికి తీసుకుంటే అది పొరపాటు కాదు. అన్నట్టు, పామును చంపి సంచిలో వేసుకుని రావాల్సిన పనిలేదు. దాని కోసం చెట్లూ పుట్టలూ వెతికే టైమ్‌లో మనిషిని తెచ్చేయొచ్చు.

‘రిఫర్’ అన్న మాటే అసలు భయం

అమెరికా సీరియల్‌కూ మన ప్రాంతానికీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ పేషెంట్లు బెడ్ కోసం ఆగుతారు. ఇక్కడ ఎక్కువగా ఆగేది ఇంకో ఊరికి వెళ్లడానికి. గిద్దలూరు నుంచి ఒంగోలు సుమారు 150 కిలోమీటర్లు. అందుకే చాలామంది నల్లమల ఘాట్ దాటి నంద్యాల వైపు, లేదంటే కర్నూలు, గుంటూరు వైపు వెళ్తారు. మార్కాపురం నుంచి ఒంగోలుకైనా దాదాపు వంద కిలోమీటర్లు. శ్రీశైలం దారిలో ప్రమాదం జరిగితే దోర్నాల మీదుగా రావాల్సిందే. ఈ దూరాల్లో అంబులెన్స్ ఎక్కించే ముందు అరగంట ఆపారంటే అది ఊరికే ఆపడం కాకపోవచ్చు. శ్వాస గొట్టం వేయడం, రక్తం ఆపడం, బీపీ నిలబెట్టడం.. ఇవి చేయకుండా పంపితే దారిలో చేయడం కష్టం.

కాకపోతే ఇది చేస్తున్నామని బయట కూర్చున్నవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. అది చాలాచోట్ల జరగడం లేదు. ‘రిఫర్ చేశాం’ అని కాగితం చేతిలో పెడితే ఇంటివాళ్లకు అది ‘ఆశ లేదు’ అన్నట్టు వినిపిస్తుంది. ఆ కాగితం ఇచ్చినప్పుడు అడగడం మన హక్కు కూడా.. ఇప్పటిదాకా ఏ మందులు ఇచ్చారు, ఎన్నింటికి ఇచ్చారు, వెళ్లే ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పారా, దారిలో ఏం చూసుకోవాలి. పోలీసు కేసు తేలేదాకా గాయపడినవాళ్లను ముట్టుకోం అంటే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. ప్రాణం కాపాడటమే ముందు, ఫార్మాలిటీస్ తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. అది ప్రైవేటు ఆస్పత్రులకూ వర్తిస్తుంది.

మార్కాపురం మెడికల్ కాలేజీ మీద జరుగుతున్న గొడవను కూడా ఈ వెయిటింగ్ కుర్చీలో కూర్చుని చూడాలి. బోధనాస్పత్రి అంటే రాత్రి రెండింటికి కూడా హౌస్ సర్జన్లు, పీజీ డాక్టర్లు, స్పెషలిస్టులు దొరికే చోటు. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర కేబినెట్ పది కొత్త మెడికల్ కాలేజీలను పీపీపీ పద్ధతిలో చేపట్టాలని నిర్ణయించింది. మొదటి విడతలో ఆదోని, మదనపల్లె, పులివెందులతో పాటు మార్కాపురం ఉంది. ఇలాగైతేనే త్వరగా పూర్తవుతాయని ప్రభుత్వం చెబుతుంటే, ఇది ప్రైవేటీకరణేనని వైఎస్సార్‌సీపీ అంటోంది. ఆ వాదన ఎటు తేలినా, అంతవరకు అర్ధరాత్రి వచ్చే కేసులు మాత్రం ఆ వంద కిలోమీటర్ల రోడ్డు మీదే.

చెయ్యి చేసుకుంటే ఏమవుతుంది?

కేరళలోని కొట్టారక్కరలో 2023 మే 10న పోలీసులు వైద్యానికి తీసుకొచ్చిన వ్యక్తే ఓ యువ హౌస్ సర్జన్‌ను పొడిచి చంపాడు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో వైద్యురాలి హత్యాచారం తర్వాత కేంద్రం ఒక ఆదేశం ఇచ్చింది. డ్యూటీలో ఉన్న సిబ్బందిపై దాడి జరిగితే ఆరు గంటల్లోపు కేసు పెట్టే బాధ్యత ఆ సంస్థ హెడ్‌దే. మన రాష్ట్రంలో 2008 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. ఆస్పత్రి సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా. బెయిల్ కూడా అంత ఈజీ కాదు.

కేసు సంగతి తర్వాత. చిన్న ఆస్పత్రిలో రాత్రిపూట ఒకే డ్యూటీ డాక్టర్, ఇద్దరు ముగ్గురు స్టాఫ్ ఉంటే.. వాళ్ల మీద గొడవకు దిగిన అరగంట లోపల మంచాల మీద ఉన్న ఎవరికీ వైద్యం జరగదు. గొడవ పెట్టినవాళ్ల మనిషికి కూడా!

సిరీస్‌లో గుద్దు తిన్న డానా ఆ రోజు ఇంటికి వెళ్లదు. దెబ్బ తిన్న ముఖంతోనే డ్యూటీలో ఉంటుంది. కాసేపటికే కాల్పుల్లో గాయపడినవాళ్లు పదుల సంఖ్యలో రావడం మొదలవుతుంది. వాళ్ల చేతులకు రంగు రంగుల బ్యాండ్లు వేసి విడదీసే ఎపిసోడ్లు ఈ ట్రయాజ్ ఏంటో కళ్లకు కట్టినట్టు చూపిస్తాయి. షిఫ్ట్ అయ్యాక ఆమె తన సామాన్లు సర్దుకుంటుంది. రెండో సీజన్‌లో మళ్లీ వచ్చింది.

ఇక మన దగ్గర కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ట్రయాజ్ రంగు ఒకసారి వేస్తే అయిపోయేది కాదు, మారుతుంది. పేషెంట్‌కు కొత్తగా చెమటలు పడుతున్నా, మాట తడబడుతున్నా, రెప్పలు వాలుతున్నా, పిలిస్తే పలకడం తగ్గినా, కట్టు మీదుగా రక్తం తడుస్తున్నా ‘మా టర్న్ ఎప్పుడు’ అని కాకుండా ‘సిస్టర్, ఇందాక ఇట్టా లేదు, ఇప్పుడు ఇట్టా ఉంది’ అని చెప్పండి. ఆ ఒక్క మాటకు లైన్ మారిపోతుంది.